అవతలి కొస

తనకల్లు,
జూన్ మొదటి వారం.

హేమా,

నువ్వు క్షేమంగా చేరావని ఆదివారం అమ్మ చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను గానీ ఫోన్ నా చేతికి రాలేదు. మీ పోలీసు శిక్షణలో వారానికి పది నిమిషాలే ఫోన్ ఇస్తారని తెలిసి కూడా అమ్మ ఎనుము ఈనిన సంగతి మొదలుపెట్టింది. దూడ నుదుటి మీది మచ్చ దాకా వచ్చేసరికి మీవాళ్లు ఫోన్ లాక్కున్నారు. నేను ముఖం ముడుచుకుంటే, "నీకేమన్నా సెప్పాలని ఉంటే జాబు రాయప్పా, నీ పెండ్లాం సదువుకున్నదే కదా" అంది. అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే కేసు పెట్టొద్దు.

సంగతేమంటే, మన కొత్త సరుకు బండికి తొట్టి మూత పడడం లేదు.

నిన్ను కదిరిలో రైలెక్కించి వచ్చిన మరునాడు పట్టుగూళ్ల సంచులు ఎత్తుకుని, తొట్టి పక్కనున్న బటన్ నొక్కాను. మోటారు మూలిగింది. క్యాబిన్ వెనక చుట్టుకుని ఉన్న మూత జానెడు బయటికొచ్చింది. అక్కడ ఆగి, రెండుసార్లు కూత పెట్టి, మళ్లీ లోపలికి పోయింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. షోరూమ్‌లో చూపించిన రోజు తొట్టి మీద ఎంత ఒయ్యారంగా పరుచుకుందో నీకు గుర్తుందిగా. ఇప్పుడు కొత్త కోడలు వాకిట్లోకి తొంగిచూసి సిగ్గుపడి లోపలికి పోయినట్టుంది దాని వరస.

ఈ మూత బండి నువ్వు పట్టుబట్టి కొనిపించావు. పురుగుల షెడ్డు మీది నుంచి పడినప్పటి నుంచి నా కుడి చెయ్యి భుజం దాటి లేవదు కదా. "నేను పోతే టార్పాలు పట్టకు అవతలి కొస ఎవురు అందుకుంటారు మామా?" అన్నావు. బటన్ నొక్కితే మూత పడుతుందన్న ధైర్యంతోనే రైలెక్కావు. అందుకే ఈ మాట నీకు రాయడానికి మనసొప్పలేదు. రాయకపోతే మందు తెలియదు. మూతతో పాటు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. నీ సర్టిఫికెట్ల సంచిలో గానీ వచ్చిందా?

అక్కడ సంగటి దొరకదని తెలుసు. అన్నమైనా కడుపునిండా తిను.

ఆదెప్ప


విజయనగరం,
జూన్ మూడో వారం.

మామా,

నీ ఉత్తరం చూసి పక్క మంచం పిల్ల "మీ ఆయన బడి అయ్యవారా?" అని అడిగింది. ఇంట్లో "యాడుండావే, కూడు పెట్టు" అనే మనిషి కాగితం మీద "క్షేమంగా చేరావని" అంటాడా! నవ్వుకుని నవ్వుకుని, తర్వాత స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. ఈ రెండో మాట అత్తకు చెప్పొద్దు.

పుస్తకం నా దగ్గరే ఉంది. డిగ్రీ సర్టిఫికెట్‌కూ కులం సర్టిఫికెట్‌కూ మధ్యలో పెద్దమనిషిలా కూర్చుంది. చదివాను. రెండు కూతలంటే దారిలో ఏదో అడ్డముందని అర్థమట. మూత పడేచోట చెయ్యో సామానో ఉంటే నలిగిపోకుండా అదే ఆగి వెనక్కి పోతుందట. తొట్టికి రెండు పక్కలా మూత జారే గాడి ఉంటుంది చూడు, దాంట్లో మట్టి గానీ చెత్త గానీ ఉందేమో పుల్లతో గీకు. మన ఊరి దుమ్ము సంగతి ఈ పుస్తకం రాసినవాడికి తెలిసినట్టు లేదు. వాన నీళ్లు పోవడానికి నాలుగు మూలలా సన్న గొట్టాలున్నాయట. అవి పూడిపోయాయేమో ఊది చూడు. నూనె మాత్రం పోయొద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటుందట. నీ చేతికి నూనె డబ్బా దొరికితే ఆగవు, అందుకే రెండుసార్లు చెబుతున్నాను, పోయొద్దు. ఇవన్నీ అయ్యాక బటన్‌ను పొడుగు కూత వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే అది పాతవన్నీ మరిచిపోయి కొత్తగా మొదలుపెడుతుందట.

కావాలంటే పుస్తకం పోస్టులో పంపిస్తాను.

ఇక్కడ తెల్లవారకముందే లేపుతారు. బూట్లలో కాళ్లు పట్టడం లేదని మెట్టెలు తీయించారు. అగ్గిపెట్టెలో వేసి పెట్టెలో దాచాను. పెళ్లయ్యాక వేలికి మెట్టె లేకుండా నడవడం ఇదే. రోజూ సాయంత్రం ఇక్కడ వాన పడుతుంది. ఎవరికీ దాంతో పని లేదు, తిట్టుకుంటూ లోపలికి పోతారు. నేనొక్కదాన్నే వరండాలో నిలబడి చూస్తాను.

నీ భుజానికి తైలం రాసుకుంటున్నావా?

హేమలత


తనకల్లు,
జూలై.

హేమా,

పుస్తకం పంపొద్దు. ఆ ఇంగ్లీషు నాకు ఎక్కదు. నువ్వే చదివి, ఉత్తరానికి కొంచెం కొంచెం రాయి. తొందరేం లేదు.

నువ్వు చెప్పినట్టే గాడి గీకాను. వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి, నలిగిన పట్టుగూడు ఒకటి వచ్చాయి. గొట్టాలు నోటితో ఊదితే దుమ్మంతా నా గొంతులోకే వచ్చింది. అమ్మ చూసి, "లారీలకు ఊపిరి పోసే డాకటరైనావేమప్పా" అంది. నూనె పోయలేదు. పోయాలనిపించింది గానీ నువ్వు పక్కనుండి చూస్తున్నట్టే అనిపించి డబ్బా పెట్టేశాను. పొడుగు కూత కూడా వచ్చింది. అంతా అయ్యాక నొక్కితే మళ్లీ జానెడు, మళ్లీ రెండు కూతలు, మళ్లీ లోపలికి.

కదిరిలో బండ్ల కరెంటు పని చేసే జాయ్ దగ్గరికి తీసుకుపోయాను. తీగలన్నీ చూసి, "మోటారు మంచిగుండాదన్నా, బ్యాటరీ మంచిగుండాది. బండి దేన్నో చూసి జంకుతాండాది, అంతే" అన్నాడు. ఏదో తుడుస్తానని గుడ్డ తీశాడు. నేనే వద్దన్నాను. అతనికి తెలిసిందెంత, నువ్వు పుస్తకం చూసి చెప్పు.

అంతదాకా పాత పట్టనే కడుతున్నాను. గూళ్లకు ఎండ తగిలితే దారం చెడుతుంది, వాన తగిలితే మరక పడి హిందూపురం మార్కెట్లో ఎవరూ చేత్తో కూడా ముట్టరు. అందుకని పట్ట వేయకుండా బండి కదిలించలేను. తాడు ఎడమ చేత్తో విసిరి, బండి చుట్టూ తిరిగిపోయి, అవతల నేనే లాగి ముడి వేస్తున్నాను. మళ్లీ ఇవతలికి వచ్చి ఇంకొకటి విసురుతున్నాను. ఇద్దరి పని ఒకరే ఇద్దరై చేసినట్టుంది.

హేమా, నీకు తెలుసో తెలియదో, నువ్వు అవతల నిలబడి తాడు అందుకునేటప్పుడు బండి అడ్డం వల్ల నాకు నీ ముఖం కనపడేది కాదు. బండి కింద నుంచి నీ పాదాలు మాత్రం కనపడేవి. నువ్వు గట్టిగా లాగేటప్పుడు మడమలు పైకి లేచేవి. లాగింది చాలని నాకు దాంతోనే తెలిసేది. ఇప్పుడు కూడా తాడు విసిరి ఒకసారి వంగి చూస్తాను. అలవాటు పోలేదు.

మెట్టెలు జాగ్రత్త.

ఆదెప్ప


విజయనగరం,
జూలై ఆఖరు.

మామా,

నా మడమల మీద నీ కన్ను ఉండేదని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియదు. ఇప్పుడు వాటిని చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు. బూట్లు కరిచి బొబ్బలు, బొబ్బల మీద పట్టీలు.

నిన్న రాత్రి అన్నం తిన్నాక పుస్తకం ఇంకో నాలుగు పేజీలు చదివాను. అసలు సంగతి దొరికిందనుకుంటున్నాను. తొట్టి లోపల, క్యాబిన్ దగ్గర, కుడి పక్కనొకటి ఎడమ పక్కనొకటి నల్లటి అద్దపు కళ్లుంటాయి చూడు, రేగుపండు గింజంత. ఒక కన్ను వెలుతురు పంపితే ఎదుటి కన్ను అందుకుంటుందట. ఆ వెలుతురు మనకు కనపడదట. మధ్యలో ఎవరైనా నిలబడితే అందదు కాబట్టి మూత ఆగిపోతుంది. ఆ కళ్లకు మురికి పట్టినా అంతేనట. అక్కడ ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నారనుకుని వెనక్కి పోతుందట. తడిగుడ్డతో తుడిస్తే చాలని రాశారు. అంతే పని! దీనికి జాయ్ తీగలన్నీ ఎందుకు విప్పాడో.

తుడిచి చూసి వెంటనే రాయి. ఇక్కడ కరాటే నేర్పే మేడమ్ నన్ను "అనంతపురం, నీకు చెయ్యి బలం బాగుందే, ఎక్కడిది?" అని అడిగింది. పట్ట తాళ్లు లాగిన బలం మేడమ్ అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. ఆ తాళ్లు ఇప్పుడు నువ్వొక్కడివే లాగుతున్నావని గుర్తొచ్చింది. మూత పనిచేస్తోందన్న ఒక్క మాట వింటే ఇక్కడ నేను ఇంకెంత కష్టమైనా పడగలను.

హేమలత


తనకల్లు,
ఆగస్టు.

హేమా,

కుడి పక్క కన్ను శుభ్రంగా తుడిచాను. లాభం లేదు.

ఇంకో సంగతి ఉంది. అమ్మ నోట వినేకంటే నేను రాయడం మేలు. పోయిన గురువారం మన వీధి ఆంజినమ్మ గూళ్లు ఎత్తుకుని హిందూపురం పోతున్నాను. ఆమె కూడా క్యాబిన్‌లో కూర్చుంది. ఎండ మండిపోతోంది. రెండు నెలలుగా చుక్క రాలని ఆకాశం, పట్ట వదులుగా కట్టినా ఏమవుతుందిలే అనుకున్నాను. గోరంట్ల దాటాక గాలి లేచింది. పట్ట ఒక పక్క ఊడి జెండాలా కొట్టుకుంది. బండి ఆపి దిగేలోపే వాన. తాడు విసిరాను, గాలికి నా ముఖానికే వచ్చి తగిలింది. ఆంజినమ్మ అవతలికి పరుగెత్తింది గానీ పాపం అంత ముసలిది ఎంతని లాగుతుంది! ఆ వాన పావుగంట కూడా పడలేదు. చెరువులో చేపకు కూడా చాలదు గానీ గూళ్లన్నీ తడిసిపోయాయి.

మార్కెట్లో ఒక్కరూ వేలం పాట పాడలేదు. చివరికి ఎవరో జాలిపడి సగం ధరకు కూడా తక్కువకు ఎత్తుకున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో సోడా కూడా ఇప్పించింది. "వాన కోసరం మొక్కుకున్నెది మనమే కదప్పా, వచ్చినాక తిడితే ఎట్లా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

భుజం కొంచెం వాచింది, తగ్గిపోతుంది. దూడ బాగుంది. మల్బరీ తోటకు నీళ్లు వదులుతున్నాను. బోరు ఇంకా పోస్తోంది.

ఆదెప్ప


విజయనగరం,
ఆగస్టు ఆఖరు.

మామా,

నీ ఉత్తరం చదివాక పరేడ్‌లో రెండుసార్లు తప్పు కాలు వేశాను. మైదానం చుట్టూ పరుగెత్తించారు. పరుగెత్తుతూనే నిర్ణయం చేసుకున్నాను. నేను వచ్చేస్తాను.

కోపం తెచ్చుకోకు. ఈ ఉద్యోగం కోసం నేనెంత చదివానో నీకు తెలుసు. పురుగులకు ఆకు వేస్తూ నువ్వే ప్రశ్నలు అడిగేవాడివి. కానీ నేను ఇక్కడ బూటు కాళ్లు నేలకేసి కొడుతుంటే అక్కడ నువ్వు వాపెక్కిన చేత్తో తాళ్లు విసురుతుంటే, ఈ ఖాకీ నాకు ఒంటికి అంటదు. మనింట్లో పనులన్నీ ఇద్దరు చేసేవి. పట్ట కట్టడం ఒకటే కాదు. ఒకరం ఒక కొస పట్టుకుంటే ఇంకొకరం ఇంకో కొస. నేను నా కొస వదిలేసి వచ్చాను. బటన్ ఒకటి దాన్ని పట్టుకుంటుందని నన్ను నేను మోసం చేసుకున్నాను.

మానేస్తున్నానని అర్జీ రాసి పెట్టుకున్నాను. వచ్చే నెలలో మేడమ్‌కు ఇస్తాను. పట్టుగూళ్లు తడిసిపోతే రైతు బతుకు ఏమవుతుందో తెలిసినదాన్ని, ఆంజినమ్మ ముఖం గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

ఇంకొక మాట. కుడి కన్ను తుడిచానని రాశావు. ఎడమ కన్ను ఊసు ఎత్తలేదు. పుస్తకంలో రెండూ తుడవమనే ఉంది. మర్చిపోయావా, లేక నాకు చెప్పనిది ఏమైనా ఉందా?

హేమలత


తనకల్లు,
సెప్టెంబరు మొదలు.

హేమా,

రావద్దు. అర్జీ ఇవ్వొద్దు. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో, కాళ్లు పట్టుకునైనా తీసుకో.

మూత ఈ రోజుతో బాగవుతుంది. ఎట్లాగని అడగొద్దు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి ఆ పని చేస్తాను. ముందే చేయాల్సింది.

నువ్వు సెలెక్టయిన రోజు అమ్మ వీధంతా బెల్లం పంచింది. "మా కోడలు టేషన్‌లో కుర్చీ మింద కూర్చుంటాది" అని చెప్పని ఇల్లు లేదు. ఆ మాట పోగొట్టొద్దు. నాకు నువ్వు పక్కన కావాలి. ఎంత కావాలో రాస్తే నువ్వు ఈ రోజే రైలెక్కుతావు, కాబట్టి రాయను.

ఆదెప్ప


విజయనగరం,
సెప్టెంబరు రెండో వారం.

మామా,

నువ్వు చెప్పకపోతే నాకు చెప్పేవాళ్లు లేరనుకున్నావా? ఆదివారం ఫోన్‌లో అత్త దొరికింది. ఎనుము సంగతి ఎత్తకముందే నేను అడిగేశాను, ఎడమ కన్నుకు ఏమైందత్తా అని. అత్త నవ్విన నవ్వుకు ఫోన్లు ఇచ్చే కానిస్టేబులమ్మ కూడా తిరిగి చూసింది.

అత్త అన్నది అన్నట్టే రాస్తున్నాను. "ఏం సెప్పేదమ్మా. నువ్వు పోయే దినం బండికి పూజ సేసినాం కదా. టైర్లకు, లైట్లకు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టినావు. తొట్టిలో కండ్లుండాయి, వాటికీ దిష్టి తగులుతాదని ఎడం కంటికి పెట్టినావు. కుడిదానికి పెట్టేలోపల రైలుకు పొద్దయిందని నేను అరిస్తి. ఆ పసుపు ఎండి గట్టిపడినాది. అదే అడ్డమంట. జాయ్ మొదటి దినమే సెప్పినాడు, తుడిస్తే సరిపోతాదని. మావోడు తుడవనియ్యడు! దాంట్లో నీ యేలి గుర్తు పడిండాదంట. పొద్దున్నే లేసి అది సూసుకుంటాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు సుట్టమన్నెడంట!"

మామా, ఇన్ని నెలలూ ఈ పుస్తకం పేజీ పేజీ చదివాను. గాడి గీకమన్నాను, గొట్టాలు ఊదమన్నాను. అడ్డం నేను పెట్టిన బొట్టని ఎక్కడా రాయలేదు! రాసినవాడికి పసుపు తెలియదు, నువ్వూ తెలియవు.

కొట్టాలన్నంత కోపం వచ్చింది నీ మీద. ఆంజినమ్మ గూళ్లు తడిశాయి, నీ భుజం వాచింది, నేను అర్జీ రాసుకున్నాను, అంతా గోరంత పసుపు కోసం. ఆ తర్వాత మెట్టెల అగ్గిపెట్టె తీసి చూసుకున్నాను. నేను కూడా రోజూ పడుకునే ముందు అది తీసి చూస్తాను. ఇంక నిన్నేమని తిట్టను?

అర్జీ చించేశాను. వంటగదిలో అక్కను అడిగి చిటికెడు పసుపు తెచ్చుకుని, నీళ్లతో కలిపి, ఉంగరం వేలితో ఈ కాగితం కింది కొసన బొట్టు పెట్టాను. ఆరేదాకా ఫ్యాన్ కింద పట్టుకున్నాను. ఇది క్యాబిన్‌లో ఎక్కడైనా పెట్టుకో. దీన్ని చూసి బండి జంకదు. ఆ కంటి మీదిది మాత్రం తుడిచెయ్. ఆంజినమ్మ రెండో పంటకైనా మూత పడాలి.

దసరాకు నాలుగు రోజులు సెలవిస్తామన్నారు.

హేమలత


తనకల్లు,
సెప్టెంబరు ఆఖరు.

హేమా,

నీ ఉత్తరం రాకముందే తుడిచేశాను. రావద్దని నీకు రాసిన రోజే. పోస్టు డబ్బా దగ్గర నుంచి నేరుగా బండి దగ్గరికి పోయి, తువ్వాలు కొస తడుపుకుని తొట్టిలోకి ఎక్కాను. ముందు కాసేపు దాని ముందు కూర్చున్నాను. నీ వేలి గీతలు ఇంకా అట్లాగే ఉన్నాయి, ఎండకు అంచు కొంచెం పగిలింది. ఒక్కసారికే పోయింది. మళ్లీ తుడవాల్సిన పని కూడా లేకపోయింది.

బటన్ నొక్కాను. మూత జానెడు వచ్చింది, ఆగలేదు. చివరిదాకా పోయి టక్కుమని పడింది. వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను క్యాబిన్‌లోకి పోయి తలుపేసుకున్నాను. ఎవరో ఉన్నారనుకుని బండి ఇన్నాళ్లూ ఆగిందని రాశావు కదా. నేను కూడా అట్లాగే అనుకున్నాను హేమా. అది ఆగినంతకాలం నువ్వు ఇంకా తొట్టి పక్కనే నిలబడి ఉన్నట్టుండేది. అందుకని ఒకరి గూళ్లు తడిసేదాకా తెచ్చుకున్నాను. పసుపు అంటిన ఆ తువ్వాలైనా దాచుకుందామనుకుంటే, సాయంత్రానికి అమ్మ ఉతికి ఆరేసింది!

ఆంజినమ్మ రెండో పంట నిన్న తడవకుండా హిందూపురం చేరింది. బాడుగ తీసుకోలేదు. మార్కెట్లో ఆమె గూళ్లకు పాట పైకి పోతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంగ బండి మన మాట ఇంటాండాది" అంది.

నీ కాగితం స్టీరింగ్ పక్కన అంటించాను. ఉత్తరం చింపకుండా పసుపున్న కొస ఒక్కటే మడిచి పైకి పెట్టాను. అమ్మ చూసి, కొంగుతో దాని చుట్టూ దుమ్ము తుడిచింది.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మూత బాగైనా బటన్ నొక్కాక నేను వంగి బండి కింద నుంచి అవతలికి చూస్తూనే ఉన్నాను. నిన్న మార్కెట్లో కూడా చూశాను. ఎవరివో చెప్పులున్నాయి, నీవి కావు.

దసరాకు వచ్చినప్పుడు ఆయుధ పూజలో బొట్టు ఎక్కడైనా పెట్టు, ఆ కళ్లకు తప్ప. పాత పట్టను ఉతికి, చిరిగినచోట కుట్టించి పెట్టాను. నువ్వు వచ్చిన రోజు మల్బరీ ఆకు తేవడానికి తోటకు పోదాం. ఆ రోజు బటన్ నొక్కను. తాడు విసురుతాను. నువ్వు బూట్లు విప్పి, మెట్టెలు పెట్టుకుని, అవతల నిలబడు.

నీ ఆదెప్ప